రూపం పాతది, రాయి కొత్తది

జాతిరాళ్లు అమ్మే దుకాణాల్లో తేనెరంగులో మెరిసే ‘టైగర్ ఐ’ అనే రాయిని మీరు చూసే ఉంటారు. కొందరు దీన్ని పులికన్ను రాయి అంటారు. దీపం కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పితే దాని మీద సన్నని వెలుగుచార ఒకటి పిల్లి కంటిపాపలా కదులుతుంది. పెద్ద ఖరీదైన రాయేమీ కాదు. అయితే ఈ రాయి గురించి 1873 నుంచి 2003 దాకా, అంటే 130 ఏళ్లపాటు, ఖనిజశాస్త్ర గ్రంథాలు ఒకే కథ చెబుతూ వచ్చాయి. మొదట అక్కడ నీలిరంగు రాతినార ఉండేదట. భూమిలో ఇంకిన నీరు ఆ నారను పోగు తర్వాత పోగుగా కరిగించి, ఆ జాగాలో సిలికాను నింపిందట. నార పోయింది, నార ఆకారం మాత్రం మిగిలింది.

ఒక ఖనిజం మరో ఖనిజం స్థానాన్ని ఆక్రమించి, పాతదాని ఆకారాన్ని మాత్రం చెక్కుచెదరకుండా ఉంచితే దాన్ని సూడోమార్ఫ్ అంటారు. గ్రీకు భాషలో ‘సూడో’ అంటే అబద్ధపు, ‘మార్ఫే’ అంటే రూపం. తెలుగులో రాసేటప్పుడు నేను దీన్ని మిథ్యారూపం అంటుంటాను. మాట నాకు అంతగా నచ్చదు. ఎందుకంటే ఇక్కడ రూపం అబద్ధం కాదు, అది అసలైనదే. మారిపోయింది లోపలి పదార్థం. కాని పేరు పెట్టినవాళ్లు రూపాన్నే అనుమానించారు. ఎందుకు అనుమానించారో తెలియాలంటే రెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అంతకంటే ముందు, ఇంకా పాత పొరపాటు ఒకటి ఉంది. దాన్ని చూసి వెళదాం.

ఇనుము రాగిగా మారిందా?

మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేస్తే దాని మీద ఎర్రటి రాగి పేరుకోవడం మీరు బడిలో చేసిన ప్రయోగమే. మధ్య యూరప్‌లోని కార్పాథియన్ పర్వతాల్లో, ఇప్పటి స్లొవేకియాలో, రాగి గనుల నుంచి వచ్చే నీళ్లలో ఇదే పని ప్రకృతి సిద్ధంగా జరిగేది. పాత ఇనుప ముక్కలు ఆ నీళ్లలో పడేస్తే కొన్నాళ్లకు అక్కడ ఇనుము ఉండదు, రాగి ఉంటుంది. పదహారో శతాబ్దంలో గనుల గురించి గొప్ప గ్రంథం రాసిన అగ్రికోలా కూడా ఈ నీళ్లను ప్రస్తావించాడు. అక్కడి రాగితో గిన్నెలూ కప్పులూ చేసి, ఒకప్పుడు ఇనుమునే, ఇప్పుడు రాగినయ్యాను అనే అర్థం వచ్చే మాటలు వాటి మీద చెక్కి అమ్మేవారు. చైనాలో సాంగ్ వంశపు పాలనలో, పదకొండో శతాబ్దానికే, ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున రాగి తీశారు.

లోహాలు ఒకదానిలోంచి ఒకటిగా మారతాయని నమ్మే రసవాదులకు ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి? పదిహేడో శతాబ్దంలో జర్మన్ పండితుడు యోవాకిమ్ యుంగియుస్ లాంటివారు దీనికి వేరే సమాధానం చెప్పారు. ఇనుము రాగిగా మారలేదు. ఇనుము కరిగి నీళ్లలోకి వెళ్లింది, నీళ్లలో ముందే ఉన్న రాగి బయటికి వచ్చి దాని చోట కూర్చుంది. ఇది మారడం కాదు, చోటు మార్చుకోవడం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అదే శతాబ్దంలో లండన్‌లో రాబర్ట్ హుక్ రాయిగా మారిన కర్రముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కర్రలోని సన్నని రంధ్రాలు రాతిలోనూ అలాగే కనిపించాయి. రాతి కణాలు కలిసిన నీళ్లలో కర్ర నానడం వల్ల అలా అయిందని 1665లో వెలువడిన ‘మైక్రోగ్రాఫియా’లో రాశాడు. మన దేశంలో అలాంటి రాతి చెట్లు చూడాలంటే తమిళనాడులో విల్లుపురం దగ్గరి తిరువక్కరైకి వెళ్లాలి. పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి యాత్రికుడు పియెర్ సొన్నెరా వాటిని చూసి రాశాడు. కాని చెట్టు ఖనిజం కాదు, దాని కథ వేరే. మనం ఖనిజాల దగ్గరే ఉందాం.

ఆవీ గారి ఇబ్బంది

రెనె జూస్ట్ ఆవీ పారిస్‌లో ఒక క్రైస్తవ గురువు. కాల్సైట్ స్ఫటికం ఒకటి చేయి జారి కింద పడి పగిలితే, ముక్కలన్నీ ఒకే ఆకారంలో ఉండటం గమనించాడని ఆయన గురించి చెబుతారు. దానిమీదే ఒక సిద్ధాంతం కట్టాడు. ప్రతి ఖనిజానికీ తనదైన చిన్న ఇటుక లాంటి అణుఘటకం ఉంటుంది. ఆ ఇటుకలు వరుసలుగా పేర్చుకుంటేనే స్ఫటికం. కాబట్టి స్ఫటికం కోణాలు కొలిస్తే అది ఏ ఖనిజమో చెప్పేయవచ్చు. 1784లో ఈ సిద్ధాంతం మీద తొలి గ్రంథం, 1801లో ‘ఖనిజశాస్త్ర గ్రంథం’ నాలుగు సంపుటాలూ వెలువడ్డాయి. ఫ్రెంచి విప్లవకాలంలో ఆయన్ను జైల్లో కూడా వేశారు. జాఫ్ర్వా సాంతిలేర్ అనే యువ శాస్త్రజ్ఞుడు పూనుకుని విడిపించాడు.

ఇప్పుడు ఆయన చిక్కు చూడండి. రూపమే ఖనిజానికి గుర్తింపు కార్డు అయితే, పైరైట్ ఘనం ఆకారంలో ఉన్న తుప్పుముద్దను ఏమనాలి? ఫ్లోరైట్ ఆకారంలో ఉన్న పలుగురాయిని? పలుగురాయి స్ఫటికాలు సహజంగా ఆరు పలకల కడ్డీల్లా పెరుగుతాయి, ఘనాల్లా పెరగవు. అందుకే ఆవీ వీటిని పక్కన పెట్టి సూడోమార్ఫోజ్ అని పేరు పెట్టాడు. అరువు తెచ్చుకున్న చొక్కా వేసుకున్న మనిషిని అసలు మనిషి అనుకోవద్దన్నట్లు. జర్మనీలో వెర్నర్ శిష్యులు కూడా వీటిని దొంగ స్ఫటికాలనే అర్థం వచ్చే మాటతోనే పిలిచేవారు.

సిద్ధాంతానికి అడ్డొచ్చే వాటిని ఇలా ఓ మూలకు నెట్టడం శాస్త్రచరిత్రలో కొత్తేమీ కాదు. ఆ మూలను ఊడ్చి చూసినవాడు హైడెల్‌బర్గ్ ఆచార్యుడు యోహాన్ రైన్‌హార్డ్ బ్లూమ్. 1843లో ఖనిజ మిథ్యారూపాల మీద ఆయన గ్రంథం వచ్చింది. తర్వాత 1847, 1852, 1863, 1879 సంవత్సరాల్లో నాలుగు అనుబంధాలు ప్రచురించాడు. 36 ఏళ్లు ఒకే పట్టు! ఏ ఖనిజం తర్వాత ఏ ఖనిజం వచ్చిందో, ఎక్కడ దొరికిందో ఒక్కొక్కటే నమోదు చేశాడు. చదవడానికి చప్పగా ఉండే పుస్తకమే కావచ్చు. కాని దాంతో ఒక విషయం తేలిపోయింది. ఇవి ఎక్కడో ఒకటి అరా కనిపించే వింతలు కావు. భూమి లోపల రాళ్లు నిలకడగా ఉండవు, నీళ్లు వాటిని నిరంతరం తిరగరాస్తున్నాయి.

వీటిలో కొన్ని నిజంగా చూడముచ్చటైనవి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, సెయింట్ ఆగ్నెస్ దగ్గరి తగరపు గనిలో, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాల జంటలు ఆకారం అలాగే ఉండగా తగరపు ఖనిజమైన కాసిటరైట్‌గా మారి దొరికాయి. బొలీవియాలోని కొరొకొరోలో అరగొనైట్ అనే సున్నపు ఖనిజం ఆరుపలకల ఆకారంలో అచ్చమైన రాగి దొరుకుతుంది. ఉప్పు స్ఫటికాలు కూడా ఇలాంటి గుర్తులు వదులుతాయి. పాకిస్తాన్ పంజాబ్‌లోని సాల్ట్ రేంజ్ కొండల్లో ఒక ఎర్రటి పొర ఉంది. దానినిండా ఘనాకారపు మట్టిగుళ్లు. వందేళ్లకు పైగా భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ఉప్పు మిథ్యారూపాల పొర అని పిలిచారు. భారత భూగర్భ సర్వేకు చెందిన ఎ.బి.విన్ 1878లో ఆ కొండల మీద రాసిన నివేదికలో దాన్ని వర్ణించాడు. ఇక్కడ ఒక ఖనిజాన్ని మరొకటి కరిగించి ఆక్రమించలేదు. ఉప్పు కరిగిపోతే ఏర్పడిన ఖాళీలో బురద నిండింది, అంతే. అయినా ఆ మట్టి ఘనాలు ఒక సంగతి చెబుతాయి. ఆ చోట ఒకప్పుడు లోతులేని ఉప్పునీళ్లు ఎండకు ఇంకిపోయాయి. ఉప్పు గింజ ఒక్కటి మిగలకపోయినా సాక్ష్యం మిగిలింది.

సమీకరణం ఎక్కడ తప్పింది?

అసలు కష్టమైన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఆకారం ఎందుకు చెదరదు? ఇది వినడానికి తేలికగా ఉంటుంది, లెక్క వేస్తే తేలికగా ఉండదు. కాల్సైట్ ఫ్లోరైట్‌గా మారే సందర్భం తీసుకోండి. కాల్షియం కార్బొనేట్ ఒక అణువు పోయి కాల్షియం ఫ్లోరైడ్ ఒక అణువు వస్తుందని మీరు సమీకరణం రాస్తారు. అది సరిగ్గా తూగుతుంది. మీ ఉపాధ్యాయుడు మార్కులు కూడా వేస్తారు. ఇప్పుడు అవి ఆక్రమించే చోటు చూడండి. ఒక మోల్ కాల్సైట్‌కు సుమారు 36.9 ఘన సెంటీమీటర్లు కావాలి. ఒక మోల్ ఫ్లోరైట్‌కు 24.5 చాలు. అంటే స్ఫటికం మూడోవంతు కుంచించుకుపోవాలి. కాని బయటి ఆకారం కుంచించుకుపోదు, అదే కదా వింత!

స్వీడన్‌లో పుట్టి అమెరికాలో గనుల మీద పనిచేసిన వాల్డెమార్ లిండ్‌గ్రెన్ 1912లో ఈ విషయాన్ని సూటిగా చెప్పాడు. రాళ్లలో జరిగే మార్పిడిలో నిలిచేది అణువుల లెక్క కాదు, ఘనపరిమాణం. కాగితం మీద తూగే సమీకరణం రాతిలో తూగాలనేమీ లేదు. మన ఉదాహరణలో రెండు కాల్సైట్‌లకు మూడు ఫ్లోరైట్‌లు వస్తేనే (73.8కి బదులు 73.6) జాగా సరిపోతుంది. ఆ మూడో కాల్షియం బయటినుంచి నీళ్లే తేవాలి. ధాతు నిక్షేపాలను వెతికేవారికి ఇది చిన్న విషయం కాదు. ఏది ఎంత వచ్చింది, ఏది ఎంత పోయింది అన్న లెక్కంతా దీనిమీదే ఆధారపడుతుంది.

లిండ్‌గ్రెన్ చెప్పింది ఫలితం, కారణం కాదు. నీళ్లకు ఆకారం సంగతి ఎలా తెలుస్తుంది? చాలాకాలం చలామణి అయిన సమాధానం ఇది: పాత స్ఫటికపు చట్రం కదలకుండా అలాగే నిలబడి ఉంటుంది, అందులోంచి కొన్ని అయాన్లు నెమ్మదిగా బయటికి పాకుతాయి, వాటి చోట్లోకి కొత్తవి పాకుతాయి. ఇల్లు అదే, అద్దెకున్నవాళ్లు మాత్రం మారారు. వినసొంపుగానే ఉంది.

1967లో కాలిఫోర్నియాకు చెందిన జేమ్స్ ఓనీల్, హ్యూ టేలర్ దీన్ని పరీక్షకు పెట్టారు. సోడియం ఫెల్డ్‌స్పార్‌ను పొటాషియం ఉన్న వేడి ద్రావణంలో ఉంచితే అది పొటాషియం ఫెల్డ్‌స్పార్‌గా మారుతుంది. ఆకారం మారదు. అద్దెకున్నవాళ్లు మాత్రమే మారితే, గోడల్లాంటి సిలికాన్-ఆక్సిజన్ చట్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వాళ్లు నీళ్లలోని బరువైన ఆక్సిజన్-18ను గుర్తుగా వాడుకున్నారు. ప్రయోగం అయ్యాక చూస్తే సోడియం పోయి పొటాషియం రావడంతో పాటు చట్రంలోని ఆక్సిజన్ కూడా మారిపోయింది. అంటే గోడలు కూల్చి మళ్లీ కట్టారన్నమాట! ఇల్లంతా కొత్తదే, ప్లాను మాత్రం పాతది. కార్పాథియన్ గనుల దగ్గర యుంగియుస్ గ్రహించిన విషయమే ఇక్కడా ఉంది చూడండి. మారడం కాదు, ఒకటి కరగడం, ఇంకొకటి గడ్డకట్టడం.

కళ్లముందే జరిగిన మార్పిడి

భూమిలో వేల ఏళ్లు పట్టే పని కొన్ని గంటల్లో కళ్లముందు జరిగితే ఎలా ఉంటుంది? జర్మనీలోని మ్యున్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ పుట్నిస్, ఆయన సహచరులు అందుకు చాలా మామూలు పదార్థాలు ఎంచుకున్నారు. పొటాషియం బ్రోమైడ్ స్ఫటికం ఒకటి, పొటాషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం ఒకటి. రెండూ కాలేజీ ప్రయోగశాలలో ఉండేవే. గాజులాంటి పారదర్శక స్ఫటికాన్ని ద్రావణంలో వేస్తే బయటి అంచు నుంచి మొదలుపెట్టి అది పింగాణీలా తెల్లబారుతుంది. తెలుపుకీ, లోపలి పారదర్శక భాగానికీ మధ్య స్పష్టమైన సరిహద్దు గీత ఉంటుంది. ఆ గీత లోపలికి జరుగుతూ పోతుంది. అంచులూ, మూలలూ మాత్రం ఉన్నచోటే ఉంటాయి. 2005లో ఈ పరిశీలనలు ప్రచురించారు.

తెల్లబారడం ఎందుకంటే కొత్త స్ఫటికం నిండా సన్నని రంధ్రాలు ఉన్నాయి. అసలు రహస్యం ఈ రంధ్రాల్లోనే ఉంది. వంటింట్లోని అల్యూమినియం గిన్నెను తీసుకోండి. దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, చిల్లులేని పొర కనుక గాలిని లోపలికి పోనివ్వదు. మార్పు అక్కడితో ఆగిపోతుంది. ఇనుము తుప్పు అలా కాదు, గుల్లగా ఉంటుంది, కనుక లోపలిదాకా తినేస్తుంది. ఖనిజం పూర్తిగా మారాలంటే కొత్త పొర తుప్పులా గుల్లగా ఉండాలి, కాని తుప్పులా రాలిపోకూడదు. కొత్త ఖనిజానికి తక్కువ జాగా చాలినా, లేక పాతది కరిగినంతగా కొత్తది గడ్డకట్టకపోయినా, ఆ తేడా రంధ్రాలుగా మిగులుతుంది. ఆ రంధ్రాల గుండా నీళ్లు లోపలికి, ఇంకా లోపలికి వెళతాయి.

మరి ఆకారం? పాత స్ఫటికం ఉపరితలాన్ని అంటుకుని సన్నని నీటిపొర ఉంటుంది. అందులోకి పాత ఖనిజం కొంచెం కరిగేసరికి, ఆ పొర కొత్త ఖనిజానికి అతిసంతృప్త ద్రావణం అయిపోతుంది. దూరం వెళ్లే వ్యవధి లేకుండా కరిగినచోటే కొత్తది గడ్డకడుతుంది. రెండు ఖనిజాల పరమాణువుల అమరికలు పోలి ఉంటే పని ఇంకా సులువు. పాత ఉపరితలమే కొత్తదానికి అచ్చుగా పనిచేస్తుంది. కరగడం, గడ్డకట్టడం ఈ రెండూ ఒకే తాళంలో నడిచినంతసేపు ఆకారం నిలుస్తుంది. కరిగినది ముందే కొట్టుకుపోతే ఆకారం కూడా దానితోపాటే పోతుంది. మీ మైలుతుత్తం ప్రయోగంలో మేకు రాగిమేకుగా ఎందుకు మారదో, గోకితే రాలిపోయే రాగిపొడిగా ఎందుకు మిగులుతుందో ఇప్పుడు ఆలోచించండి. ఇనుము కరిగేది ఒకచోట, రాగి పేరుకునేది ఇంకోచోట. రెంటి మధ్య పొత్తు కుదరలేదు.

పులికన్ను మాటేమిటి?

ఈ రాయి ఎక్కువగా దక్షిణాఫ్రికాలోని నార్తర్న్ కేప్ ప్రాంతపు పాత ఇనుపరాళ్ల పొరల నుంచి వస్తుంది. అక్కడి నీలి రాతినారకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హౌస్‌మన్ 1831లో క్రోసిడొలైట్ అని పేరు పెట్టాడు. ఉన్నిపోగు అనే అర్థం వచ్చే గ్రీకు మాటలోంచి తీసుకున్న పేరు. 1873లో ఫెర్డినాండ్ వీబెల్ పులికన్నును పరిశీలించి, ఇది క్రోసిడొలైట్‌కు పలుగురాయి మిథ్యారూపమని తేల్చాడు. నార వరసలు కళ్లకు కనబడుతున్నాయి, రాయి మాత్రం పలుగురాయి. ఇంకేం కావాలి? తర్వాత వచ్చిన పుస్తకాలన్నీ అదే రాశాయి. మ్యూజియం అట్టల మీద అదే రాశారు. మిథ్యారూపం అనగానే విద్యార్థులకు చూపించే మొదటి నమూనా ఇదే అయింది.

2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హీనీ, డొనాల్డ్ ఫిషర్ ‘జియాలజీ’ పత్రికలో వేరే కథ చెప్పారు. వాళ్లు చేసింది మరీ అసాధారణమైన పనేమీ కాదు. రాతిని పలచని పలకలుగా కోసి మామూలు సూక్ష్మదర్శిని కిందా, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కిందా జాగ్రత్తగా చూశారు. పలుగురాయి నిజంగా నార స్థానంలోకి వచ్చి ఉంటే అది కూడా సన్నని పోగుల్లా, నార వెళ్లిన దిశలోనే ఉండాలి. కాని అక్కడ ఉన్నవి పోగులు కావు, స్తంభాల్లాంటి స్ఫటికాలు. వాటి దిశ వేరు, లోపల చిక్కుకున్న నార దిశ వేరు. పైగా నార అసలు మాయమే కాలేదు! పలుగురాతి లోపలే సన్నని పోగులుగా ఇంకా ఉంది.

వాళ్ల వివరణ ఇలా సాగుతుంది. రాతిలో సన్నని పగులు వస్తుంది. సిలికా కలిసిన నీళ్లు ఆ పగులులోకి వచ్చి పలుగురాయిగా గడ్డకట్టి దాన్ని మూసేస్తాయి, నార కూడా అప్పుడే దానితోపాటే పెరుగుతుంది. మళ్లీ పగులు, మళ్లీ మూత. ఇలా లెక్కలేనన్నిసార్లు. ఈ ‘పగులు-మూత’ పద్ధతిని రాళ్లలోని ఈనెల విషయంలో జాన్ రామ్‌సే 1980లోనే వర్ణించాడు. అంటే పులికన్నులో ఒకటి పోయి ఇంకొకటి రాలేదు. రెండూ కలిసే పుట్టాయి. వెలుగుచారకు కారణం లోపలి నారపోగులే. నారలోని ఇనుము గాలికీ నీళ్లకూ తుప్పు పట్టడం వల్ల తేనెరంగు వచ్చింది. అలా తుప్పు పట్టకుండా నీలంగానే మిగిలితే దాన్ని ‘హాక్స్ ఐ’, అంటే డేగకన్ను, అంటారు. ఈ వివరణకు అభ్యంతరాలు కూడా వచ్చాయి. 130 ఏళ్ల పాఠాన్ని కాదంటే రాకుండా ఉంటాయా? అయినా పలుగురాతి స్తంభాలు ఒకవైపు, నార ఇంకోవైపు చూస్తున్న ఆ చిత్రాలు చూశాక పాత కథకు తిరిగి వెళ్లడం కష్టమని నా అభిప్రాయం.

పక్కమాటగా ఒకటి చెప్పాలి. ఈ క్రోసిడొలైట్ రాతినారల్లో చాలా ప్రమాదకరమైనది. దీని గనుల చుట్టుపక్కల బతికినవారిలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌ను దక్షిణాఫ్రికాలోనే వాగ్నర్, ఆయన సహచరులు గుర్తించి 1960లో 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఉంగరంలో ఉన్న నున్నని రాయితో భయం లేదు, నార పలుగురాతిలో బిగుసుకుపోయి ఉంది. కాని ఏ రాయినైనా సానపట్టేవారి మాట వేరు. గుజరాత్‌లోని ఖంబాత్‌లో అకీకు రాళ్లు సానపట్టే కార్మికులు సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌తో బాధపడటం ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

పులికన్ను చేజారినంత మాత్రాన మిథ్యారూపాలకు కొరత లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల గులాబి రంగు గ్రానైట్ బండలు మీరు చూసే ఉంటారు. చాలా గ్రానైట్లలో ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు గాజులా తేటగా ఉండక మబ్బు కమ్మినట్లు ఉంటాయి. ఆ మబ్బు సన్నని రంధ్రాలదే. ఎప్పుడో వేడినీళ్లు వాటిలోంచి నడిచి, ఫెల్డ్‌స్పార్‌ను కరిగించి మళ్లీ ఫెల్డ్‌స్పార్‌గానే కట్టి వెళ్లాయి. కొన్నిచోట్ల ఆ రంధ్రాల్లో చిక్కుకున్న హెమటైట్ రేణువులే ఎరుపుకు కారణమని పుట్నిస్ బృందమే 2007లో చూపించింది.

దీన్ని కేవలం అందం విషయం అనుకోవద్దు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనూ, కేరళ ఇసుకలోనూ మోనజైట్ అనే ఖనిజం ఉంది. ఇందులో థోరియం, కొంత యురేనియం ఉంటాయి. అవి నిర్ణీత వేగంతో సీసంగా మారుతుంటాయి. ఎంత సీసం చేరిందో కొలిస్తే గింజ పుట్టి ఎంతకాలమైందో తెలుస్తుంది. రాళ్ల వయసు కట్టడానికి భూగర్భ శాస్త్రజ్ఞులు నమ్మే గడియారాల్లో ఇది ఒకటి. ఇప్పుడు ఆ గింజలోకి వేడినీళ్లు వచ్చి, దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ అక్కడే మళ్లీ మోనజైట్‌గా కట్టాయనుకోండి. కరిగినప్పుడు సీసం నీళ్లతో వెళ్లిపోతుంది, కొత్త మోనజైట్ దాన్ని తనలో చేర్చుకోదు. గింజ ఆకారం అదే, పేరు అదే, గడియారం మాత్రం సున్నా దగ్గర మళ్లీ మొదలైంది. 2011లో విలియమ్స్, జెర్సినోవిచ్, హార్లోవ్ చేసిన ప్రయోగాల్లో సరిగ్గా ఇదే జరిగింది. అందుకే ఇప్పుడు వయసు కట్టేవారు గింజను ముందు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏ భాగం పాతదో, ఏ భాగం నీళ్లు తిరగరాసిందో మచ్చలను బట్టి విడదీసి, ఒక్కో మచ్చకు విడిగా వయసు కడుతున్నారు.